యూనిట్ - 9 : స్కాన్‌లో కొత్త మచ్చ – క్యాన్సర్ వ్యాప్తా, వ్యాధినిరోధక ప్రతిచర్యా?

విషయక్రమం

9.0 లక్ష్యాలు
9.1 ప్రవేశిక
9.2 ఇమ్యునోథెరపీ ఎలా పనిచేస్తుంది?
9.3 స్కాన్ దేనిని చూపుతుంది?
9.4 వ్యాప్తిని పోలిన ప్రతిచర్యలు
9.5 మన దేశంలో అదనపు చిక్కు : క్షయ
9.6 కొలతల నియమాలు
9.7 నిర్ధారణ క్రమం
9.8 ఉదాహరణకు ముగింపు
9.9 రోగి, కుటుంబం పాత్ర
9.10 సారాంశం
9.11 ముఖ్య పదాలు
9.12 మీ ప్రగతిని పరీక్షించుకోండి : సమాధానాలు
9.13 మాదిరి పరీక్ష ప్రశ్నలు

9.0 లక్ష్యాలు

ఈ యూనిట్‌ను అధ్యయనం చేసిన తరవాత మీరు :

• ఇమ్యునోథెరపీ ఔషధాలు శరీరంలో చేసే పనిని వివరించగలుగుతారు.
• సి.టి., పెట్ స్కాన్‌లలో కనిపించే ప్రతి మచ్చా క్యాన్సర్ ఎందుకు కాదో చెప్పగలుగుతారు.
• వ్యాధి వ్యాప్తిని పోలి ఉండే ప్రధాన ప్రతిచర్యలను గుర్తించగలుగుతారు.
• బయాప్సీ, మళ్లీ తీసే స్కాన్ ఎప్పుడు అవసరమో విశ్లేషించగలుగుతారు.
• రోగి, కుటుంబసభ్యులు వైద్యులకు ఇవ్వవలసిన సమాచారాన్ని పేర్కొనగలుగుతారు.

9.1 ప్రవేశిక

ముందుగా ఒక ఉదాహరణను పరిశీలించండి. ఇది పాఠం కోసం ఊహించిన సందర్భం. కానీ ఇటువంటివి క్యాన్సర్ విభాగాలలో నిజంగానే ఎదురవుతూ ఉంటాయి.

మేడ్చల్-మల్కాజ్‌గిరి జిల్లా గుండ్లపోచంపల్లిలో ఉండే 58 సంవత్సరాల వ్యక్తి అక్కడి దుస్తుల తయారీ యూనిట్‌లో సూపర్‌వైజర్. ఆయనకు కుడి ఊపిరితిత్తిలో క్యాన్సర్ ఉన్నట్లు తేలింది. పెంబ్రోలిజుమాబ్ అనే ఇమ్యునోథెరపీ ఔషధాన్ని మూడు వారాలకు ఒకసారి చొప్పున నాలుగుసార్లు ఇచ్చారు. దగ్గు తగ్గింది. ఆకలి మెరుగుపడింది. మళ్లీ పనిలోకి వెళ్లవచ్చా అని ఆయన అడుగుతున్నారు. ఆ దశలో తీసిన స్కాన్‌లో అసలు కణితి 48 మి.మీ. నుంచి 29 మి.మీ.కు తగ్గింది. అయితే ఛాతీ మధ్యభాగంలోనూ, రెండు ఊపిరితిత్తుల మూలాల వద్దా ఇంతకుముందు లేని లింఫు గ్రంథుల వాపు కనిపించింది. పెట్ స్కాన్‌లో ఆ గ్రంథులు ప్రకాశవంతంగా వెలిగాయి. రిపోర్టు చివరి వాక్యంలో 'కొత్త గ్రంథులు - వ్యాధి వ్యాప్తి అయి ఉండవచ్చు' అని ఉంది.

ఇంట్లో ఆ రిపోర్టు చదివినవారికి ఆ ఒక్క వాక్యమే కనబడుతుంది. ఆసుపత్రికి వెళ్లేలోపే 'మందు పనిచేయలేదు' అన్న నిర్ణయానికి వచ్చేస్తారు. నిజంగా మందు పనిచేయలేదా? లేక మందు పనిచేస్తున్నందువల్లే ఆ గ్రంథులు వాచాయా? ఈ ప్రశ్నకు వచ్చే జవాబును బట్టి ఆ మనిషి చికిత్స మారిపోతుంది. పొరపాటు రెండు వైపులా జరగవచ్చు. ప్రతిచర్యను వ్యాప్తిగా భావిస్తే పనిచేస్తున్న ఔషధాన్ని చేజేతులా ఆపేసినట్లవుతుంది. వ్యాప్తిని ప్రతిచర్యగా భావిస్తే విలువైన కాలం వృథా అవుతుంది. ఈ రెండు పొరపాట్లనూ ఎలా తప్పించుకోవాలో తెలుసుకోవడమే ఈ యూనిట్ ఉద్దేశం.

9.2 ఇమ్యునోథెరపీ ఎలా పనిచేస్తుంది?

క్యాన్సర్ మందు అనగానే మనకు గుర్తుకు వచ్చేది కీమోథెరపీ. దాని తొలి చరిత్రలో ఒక తెలుగువాడి పేరు ఉంది. భీమవరంలో 1895లో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో ఫోలిక్ ఆమ్లానికి విరోధులైన పదార్థాలపై పరిశోధనకు నాయకత్వం వహించాడు. వాటిలో ఒకటైన అమినోప్టెరిన్‌ను రక్తక్యాన్సర్‌తో బాధపడుతున్న పిల్లలకు ఇచ్చి, తాత్కాలికంగానైనా వ్యాధి తగ్గినట్లు సిడ్నీ ఫార్బర్ 1948లో ప్రకటించాడు. కీమోథెరపీ నేరుగా విభజన చెందే కణాన్ని దెబ్బతీస్తుంది. అందువల్ల దాని ఫలితాన్ని చదవడం కొంత సులభం. మందు పనిచేస్తే కణితి తగ్గుతుంది, పనిచేయకపోతే పెరుగుతుంది.

ఇమ్యునోథెరపీ మార్గం వేరు. ఇది క్యాన్సర్ కణాన్ని తాకదు. మన శరీరంలోని టి-కణాలను తాకుతుంది. టి-కణాలు శత్రుకణాలను గుర్తించి చంపే రక్షకదళం వంటివి. ఈ దళం అదుపు తప్పి సొంత కణజాలంపైనే దాడి చేయకుండా ప్రకృతి వాటికి కొన్ని బ్రేకులు అమర్చింది. సి.టి.ఎల్.ఎ.-4, పి.డి.-1 అనే ప్రొటీన్లు అటువంటి బ్రేకులే. చాలా రకాల క్యాన్సర్ కణాలు తమ ఉపరితలంపై పి.డి.-ఎల్1 అనే ప్రొటీన్‌ను ప్రదర్శించి, టి-కణం మీద ఉన్న పి.డి.-1 బ్రేకును నొక్కిపెడతాయి. అప్పుడు టి-కణం శత్రువు పక్కనే ఉండి కూడా ఏమీ చేయలేదు.

ఈ బ్రేకును తీసివేసే ప్రతిరక్షకాలనే చెక్‌పాయింట్ నిరోధకాలు అంటారు. ఇపిలిముమాబ్‌కు 2011లో, పెంబ్రోలిజుమాబ్, నివోలుమాబ్‌లకు 2014లో అమెరికాలో అనుమతి లభించింది. ఈ బ్రేకులపై చేసిన పరిశోధనకు జేమ్స్ ఆలిసన్, తసుకు హోంజో 2018లో నోబెల్ బహుమతి అందుకున్నారు. మన దేశంలో వీటి ధర పెద్ద అడ్డంకి. ముంబయిలోని టాటా మెమోరియల్ వైద్యులు తల, మెడ క్యాన్సర్ రోగులకు మూడు వారాలకు 20 మి.గ్రా. నివోలుమాబ్‌ను మాత్రమే, తక్కువ ఖర్చు కీమోథెరపీతో కలిపి ఇచ్చి చూశారు. ఒక సంవత్సరం తరవాత జీవించి ఉన్నవారి శాతం 16.3 నుంచి 43.4కు పెరిగినట్లు వారి అధ్యయనం చూపింది. అంటే ఈ ఔషధాలు ఇక కొద్దిమంది సంపన్నులకే పరిమితం కావు. వాటి ప్రతిచర్యలను చదవడం కూడా చిన్న ఆసుపత్రులకు తప్పనిసరి అవుతుంది.

బ్రేకు తీసిన బండి మనం కోరిన దారిలోనే వెళ్తుందన్న హామీ లేదు. టి-కణాలు కణితిపై దాడి చేస్తాయి. కొందరిలో చర్మం, పేగు, కాలేయం, ఊపిరితిత్తులు, వినాళ గ్రంథులపై కూడా దాడి చేస్తాయి. వీటిని వ్యాధినిరోధక సంబంధ దుష్ఫలితాలు అంటారు. ఇవి మొదటి మోతాదు తరవాత కొన్ని వారాలలో రావచ్చు, ఔషధం ఆపివేసిన కొన్ని నెలలకు కూడా రావచ్చు. ఈ ఆలస్యాన్ని గుర్తుపెట్టుకోండి.

9.3 స్కాన్ దేనిని చూపుతుంది?

9.3.1 సి.టి. స్కాన్

సి.టి. స్కాన్ ఆకారాన్ని, పరిమాణాన్ని, సాంద్రతను చూపుతుంది. ఒక లింఫు గ్రంథి 8 మి.మీ. నుంచి 18 మి.మీ.కు పెరిగిందని చెప్పగలదు. అందులో క్యాన్సర్ కణాలు చేరడం వల్ల పెరిగిందా, రక్షక కణాలు గుమికూడడం వల్ల పెరిగిందా అన్నది చెప్పలేదు.

9.3.2 పెట్ స్కాన్

పెట్ స్కాన్‌లో ఎఫ్.డి.జి. అనే పదార్థాన్ని రక్తనాళంలోకి ఎక్కిస్తారు. ఇది రేడియోధార్మిక ఫ్లోరిన్-18ను తగిలించిన గ్లూకోజు వంటి అణువు. దీనిని మనుషులకు తొలిసారి 1976లో పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో ఇచ్చారు. కణం దీనిని గ్లూకోజుగా భావించి లోపలికి తీసుకుంటుంది. ఒక ఎంజైము దానికి ఫాస్ఫేటును చేరుస్తుంది. ఆ తరవాతి మెట్టు సాగదు కాబట్టి అది కణంలోనే చిక్కుకుపోతుంది. గ్లూకోజును ఎక్కువగా వాడే కణాలు తెరపై ఎక్కువగా వెలుగుతాయి.

ఫ్లోరిన్-18 అర్ధాయుష్షు సుమారు 110 నిమిషాలు. అంటే ఉదయం 8 గంటలకు తయారైన ధార్మికతలో 9.50 గంటలకు సగం, 11.40 గంటలకు నాలుగో వంతు మిగులుతుంది. పెట్ స్కాన్‌కు ఇచ్చిన సమయాన్ని తప్పకూడదని ఆసుపత్రివారు పట్టుబట్టడానికి ఇది ఒక కారణం.

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. గ్లూకోజును ఎక్కువగా వాడేది క్యాన్సర్ కణం ఒక్కటే కాదు. మెదడు ఎల్లప్పుడూ వెలుగుతుంది. ఎఫ్.డి.జి. మూత్రంలో బయటకు పోతుంది కాబట్టి మూత్రాశయం వెలుగుతుంది. ఉత్తేజితమైన టి-కణాలు, స్థూలభక్షక కణాలు కూడా గ్లూకోజును విరివిగా వాడతాయి. అందువల్ల చీము, క్షయ, శస్త్రచికిత్స తరవాత మానుతున్న గాయం, ఇవన్నీ వెలుగుతాయి.

2021లో కోవిడ్ టీకాల కార్యక్రమం సాగినప్పుడు దీనికి ప్రపంచవ్యాప్తంగా ఒక రుజువు దొరికింది. ముఖ్యంగా ఎం.ఆర్.ఎన్.ఎ. టీకాలు వేయించుకున్న చాలామందిలో, సూది వేసిన చేతివైపు చంకలోని లింఫు గ్రంథులు పెట్ స్కాన్‌లో వెలిగాయి. రొమ్ము క్యాన్సర్ ఉన్న స్త్రీలలో ఇది కలవరానికి కారణమైంది. అందుకే స్కాన్‌కు ముందు 'టీకా ఎప్పుడు, ఏ చేతికి వేయించుకున్నారు?' అని అడగడం మొదలైంది. గుండ్లపోచంపల్లికి తూర్పున, శామీర్‌పేట వైపున్న జీనోమ్ వ్యాలీ టీకాల తయారీకి పేరుపొందిన ప్రాంతం. టీకా చేసే పని వ్యాధినిరోధక వ్యవస్థను మేల్కొలపడం. అలా మేల్కొన్న గ్రంథి స్కాన్‌లో వెలగడం సహజం. వ్యాధినిరోధక వ్యవస్థను ఇంకా బలంగా మేల్కొలిపే ఇమ్యునోథెరపీ తరవాత గ్రంథులు వెలగడంలో వింత లేదని మీరు ఇప్పుడు గ్రహించి ఉంటారు.

మీ ప్రగతిని పరీక్షించుకోండి - I

గమనిక : మీ సమాధానాలను విడిగా రాసుకొని, యూనిట్ చివర ఇచ్చిన సమాధానాలతో సరిచూసుకోండి.

1. చెక్‌పాయింట్ నిరోధకాలు నేరుగా ప్రభావం చూపేది ఏ కణాలపై?
2. ఎఫ్.డి.జి. కణంలో ఎందుకు చిక్కుకుపోతుంది?
3. పెట్ స్కాన్‌లో వెలుగును క్యాన్సర్‌కు మాత్రమే గుర్తుగా ఎందుకు తీసుకోకూడదు?

9.4 వ్యాప్తిని పోలిన ప్రతిచర్యలు

9.4.1 సార్కాయిడ్ తరహా ప్రతిచర్య

వ్యాప్తిగా పొరబడేందుకు ఎక్కువ అవకాశం ఉన్న ప్రతిచర్య ఇది. సార్కాయిడోసిస్ అనే వ్యాధిలో స్థూలభక్షక కణాలు ఒకదానినొకటి హత్తుకొని, చుట్టూ టి-కణాలతో చిన్న చిన్న ముద్దలుగా ఏర్పడతాయి. ఈ ముద్దలను గ్రాన్యులోమాలు అంటారు. ఇమ్యునోథెరపీ తీసుకుంటున్న కొద్దిశాతం మందిలో ఇటువంటి గ్రాన్యులోమాలే లింఫు గ్రంథులలో, ఊపిరితిత్తులలో, చర్మంలో, అరుదుగా ప్లీహం, ఎముకలలో ఏర్పడతాయి. ఇది మొదట మెలనోమా అనే చర్మక్యాన్సర్ రోగులలో ఎక్కువగా నమోదయింది.

దీని ప్రధాన లక్షణం సౌష్ఠవం. కుడి, ఎడమ ఊపిరితిత్తుల మూలాల వద్ద ఉన్న గ్రంథులు రెండువైపులా దాదాపు ఒకే తీరుగా వాస్తాయి. ఛాతీ మధ్యభాగంలోని గ్రంథులు వాటికి తోడవుతాయి. చాలామందికి ఏ బాధా ఉండదు. కొందరికి పొడిదగ్గు, చర్మంపై చిన్న బొడిపెలు, కీళ్లనొప్పులు ఉంటాయి. పాత శస్త్రచికిత్స మచ్చలలో లేదా పచ్చబొట్టులో కొత్తగా గట్టిదనం వస్తే అది కూడా ఒక సూచన కావచ్చు. క్యాన్సర్ సాధారణంగా ఇటువంటి సౌష్ఠవాన్ని పాటించదు. అది కణితి ఉన్న వైపు నుంచి లింఫు ప్రవాహం సాగే దారిలో వ్యాపిస్తుంది. అయితే ఇది సూచన మాత్రమే, రుజువు కాదు.

9.4.2 ఊపిరితిత్తులలో మచ్చలు

ఇమ్యునోథెరపీ వల్ల వచ్చే ఊపిరితిత్తుల వాపును న్యుమోనైటిస్ అంటారు. స్కాన్‌లో ఇది ఎక్కువగా పొగమంచు పరచినట్లు కనిపిస్తుంది. కొన్నిసార్లు మాత్రం గుండ్రని గడ్డల రూపంలో కనిపిస్తుంది. అప్పుడు ఊపిరితిత్తులకు వ్యాపించిన క్యాన్సర్ గడ్డలకూ, వీటికీ తేడా చెప్పడం కష్టం. కొన్ని వారాలలో ఒకచోట తగ్గి మరొకచోట కనిపించడం వాపుకు అనుకూలమైన సూచన. క్యాన్సర్ గడ్డ చికిత్స లేకుండా అలా స్థానం మారదు. ఆయాసం, ఆక్సిజన్ స్థాయి పడిపోవడం కనిపిస్తే రోగిని వెంటనే ఆసుపత్రిలో చూపించాలి, ఎందుకంటే న్యుమోనైటిస్ ప్రాణాంతకం కావచ్చు.

9.4.3 ఇతర అవయవాలు

ఈ కింది అంశాలను గమనించండి.

• పీయూష గ్రంథి : వాపు వల్ల పెద్దదై, మెదడు అడుగున కొత్త కణితిలా కనిపించవచ్చు. తలనొప్పి, విపరీతమైన నీరసం ఉంటాయి. రక్తంలో కార్టిసాల్, థైరాయిడ్ హార్మోన్లు, సోడియం పరీక్షలు దారి చూపుతాయి.
• థైరాయిడ్ : గ్రంథి మొత్తం ఒకే తీరుగా వెలిగితే వాపు అయ్యే అవకాశం ఎక్కువ. ఒకే చోట చుక్కలా వెలిగితే విడిగా పరీక్షించాలి.
• అధివృక్క గ్రంథులు : రెండూ పెద్దవై వెలగవచ్చు. ఊపిరితిత్తుల క్యాన్సర్ తరచుగా వ్యాపించే చోటు కూడా ఇదే కావడం వల్ల చిక్కు ఎక్కువ.
• పెద్దపేగు : పొడవునా వెలగడం, దానితోపాటు విరేచనాలు ఉండటం పేగు వాపును సూచిస్తుంది. మధుమేహానికి మెట్‌ఫార్మిన్ వాడేవారిలో కూడా పేగు బాగా వెలుగుతుందని మరచిపోకూడదు.
• కీళ్లు, కండరాలు : కీలు చుట్టూ వెలుగు కనిపిస్తే ఎముకకు వ్యాపించిందనుకునే ప్రమాదం ఉంది. ఆ కీలు పొద్దున లేవగానే బిగుసుకుంటోందా అని రోగిని అడిగితే సగం జవాబు దొరుకుతుంది.
• చర్మం కింది కొవ్వు : అరుదుగా కొవ్వులో వాపు వచ్చి చిన్న గడ్డలుగా వెలుగుతుంది.

9.4.4 మిథ్యా వృద్ధి

ఇంతవరకు చెప్పినవన్నీ కణితికి దూరంగా జరిగే ప్రతిచర్యలు. కణితిలోనే జరిగేది మరొకటి ఉంది. టి-కణాలు దండుగా కణితిలోకి చొరబడినప్పుడు కణితి మొదట ఉబ్బుతుంది, ఆ తరవాత తగ్గుతుంది. అంతకుముందు కంటికి ఆననంత చిన్నగా ఉన్న గడ్డ కూడా ఇలా ఉబ్బి 'కొత్త గడ్డ'గా కనిపించవచ్చు. దీనిని మిథ్యా వృద్ధి అంటారు.

ఇక్కడ ఒక హెచ్చరిక అవసరం. మిథ్యా వృద్ధి మెలనోమాలో కూడా సాధారణంగా 10 శాతంలోపు రోగులలోనే కనిపిస్తుంది. ఊపిరితిత్తుల క్యాన్సర్ వంటి వాటిలో ఇంకా అరుదు. అంటే కణితి పెరిగినట్లు కనిపిస్తే అది నిజంగానే పెరిగి ఉండే అవకాశమే ఎక్కువ. రోగి బరువు తగ్గుతూ, నొప్పి పెరుగుతూ, మంచం పడుతూ ఉంటే 'ఇది మిథ్యా వృద్ధిలే' అని ఎదురుచూడటం తప్పు. ఆశ ఉండవలసిందే గాని, రోగి పరిస్థితిని చూడనివ్వని ఆశ హాని చేస్తుంది.

9.5 మన దేశంలో అదనపు చిక్కు : క్షయ

ఇమ్యునోథెరపీ గురించిన పాఠ్యగ్రంథాలు ఎక్కువగా పాశ్చాత్య దేశాల నుంచి వస్తాయి. వాటిలో ఛాతీ గ్రంథులు వాస్తే 'క్యాన్సరా, సార్కాయిడ్ తరహా ప్రతిచర్యా?' అనే రెండు ప్రశ్నలు ప్రధానంగా ఉంటాయి. మనకు మూడో ప్రశ్న తప్పదు. ప్రపంచ క్షయ రోగులలో దాదాపు నాలుగో వంతు మంది భారతదేశంలోనే ఉన్నారు. క్షయ కూడా లింఫు గ్రంథులను వాచేటట్లు చేస్తుంది, గ్రాన్యులోమాలను ఏర్పరుస్తుంది, పెట్ స్కాన్‌లో వెలుగుతుంది. పి.డి.-1 నిరోధకాలు తీసుకుంటున్నవారిలో నిద్రాణంగా ఉన్న క్షయ మేల్కొన్న సందర్భాలు కూడా నమోదయ్యాయి.

సూక్ష్మదర్శిని కింద తేడా కొంత తెలుస్తుంది. క్షయ గ్రాన్యులోమా మధ్యభాగం సాధారణంగా జున్నులా మెత్తగా కుళ్లి ఉంటుంది. సార్కాయిడ్ తరహా గ్రాన్యులోమాలో ఆ కుళ్లు ఉండదు. కానీ తొలిదశ క్షయలో కుళ్లు కనిపించకపోవచ్చు. అందుకే కణజాలాన్ని ఆమ్ల-నిరోధక బాక్టీరియాను చూపే రంజనానికి, సీబీనాట్ పరీక్షకు, కల్చర్‌కు పంపాలి. కల్చర్ ఫలితానికి కొన్ని వారాలు పడుతుంది.

ఈ క్రమం ఎందుకు ముఖ్యం? సార్కాయిడ్ తరహా ప్రతిచర్య ఇబ్బంది పెడితే స్టిరాయిడ్లు ఇస్తారు. అదే స్టిరాయిడ్లను క్షయ ఉన్న మనిషికి, క్షయ మందులు లేకుండా ఇస్తే వ్యాధి విజృంభిస్తుంది. ఒకే స్కాన్ చిత్రానికి మూడు కారణాలు ఉండవచ్చు. వాటిలో ఒకదానికి మంచి చేసే మందు మరొకదానికి కీడు చేస్తుంది.

9.6 కొలతల నియమాలు

కణితి తగ్గిందా, పెరిగిందా అని వైద్యులు కంటి అంచనాతో చెప్పరు. దానికి 'రెసిస్ట్' అనే కొలతల నియమావళి ఉంది. ఇది 2000లో వచ్చింది. 2009లో దీనిని సవరించారు. ముఖ్యాంశాలు ఇవి :

• కొలవదగిన గడ్డల వ్యాసాల మొత్తం కనీసం 30 శాతం తగ్గితే పాక్షిక ఫలితం.
• చికిత్సలో నమోదైన అతి తక్కువ మొత్తం కన్నా 20 శాతం, దానితోపాటు కనీసం 5 మి.మీ. పెరిగితే వ్యాధి పెరుగుదల.
• మరేమి తగ్గినా సరే, నిస్సందేహంగా క్యాన్సరే అనదగిన కొత్త గడ్డ కనిపిస్తే వ్యాధి పెరుగుదల.

మన ఉదాహరణకు దీనిని అన్వయించండి. అసలు కణితి 48 మి.మీ. నుంచి 29 మి.మీ.కు తగ్గింది. తగ్గుదల 19 మి.మీ., అంటే సుమారు 40 శాతం. మొదటి నియమం ప్రకారం ఇది మంచి ఫలితం. కొత్త గ్రంథులను క్యాన్సర్‌గా లెక్కిస్తే మూడో నియమం ప్రకారం ఇదే స్కాన్ వ్యాధి పెరుగుదల అవుతుంది. ఒకే మనిషి, ఒకే రోజు, ఒకే స్కాన్, రెండు వ్యతిరేక తీర్పులు. తీర్పు మొత్తం ఆ గ్రంథులను ఏమని పిలుస్తామన్న దానిపై ఆధారపడి ఉంది.

కీమోథెరపీ కాలంలో రూపొందిన ఈ నియమాలు ఇమ్యునోథెరపీకి పూర్తిగా సరిపోవని తేలడంతో 2017లో 'ఐరెసిస్ట్' అనే మార్గదర్శకం వచ్చింది. దాని ప్రకారం మొదటిసారి కనిపించిన పెరుగుదలను 'ఇంకా ధ్రువపడని పెరుగుదల'గా నమోదు చేస్తారు. రోగి పరిస్థితి స్థిరంగా ఉంటే 4 నుంచి 8 వారాలలో మళ్లీ స్కాన్ తీస్తారు. అప్పుడు కూడా పెరిగితేనే ధ్రువపడినట్లు. ఐరెసిస్ట్ ప్రధానంగా ఔషధ పరీక్షలలో సమాచార నమోదు కోసం రూపొందింది. రోజువారీ చికిత్సలో నిర్ణయం తీసుకోవలసింది రోగిని చూస్తున్న వైద్యుడే.

9.7 నిర్ధారణ క్రమం

స్కాన్‌లో అనుమానాస్పదమైన కొత్త మచ్చ కనిపించినప్పుడు సాధారణంగా ఈ క్రమంలో ఆలోచిస్తారు.

మొదటి మెట్టు - రోగిని చూడటం : రోగి మెరుగ్గా ఉన్నాడా, క్షీణిస్తున్నాడా? జ్వరం, రాత్రి చెమటలు, దగ్గు, ఆయాసం, విరేచనాలు, కీళ్లనొప్పులు ఉన్నాయా?

రెండో మెట్టు - పాత స్కాన్‌లతో పోల్చడం : కొత్తవని చెబుతున్నవి నిజంగా కొత్తవేనా? మిగతా గడ్డలు ఏమయ్యాయి? అన్ని గడ్డలూ తగ్గి, ఒకేచోట కొత్తవి కనిపించడాన్ని మిశ్రమ ఫలితం అంటారు. అటువంటప్పుడు ప్రతిచర్యను తప్పక అనుమానించాలి.

మూడో మెట్టు - తీరును పరిశీలించడం : సౌష్ఠవం ఉందా? క్యాన్సర్ సాధారణంగా వ్యాపించే దారిలోనే ఉందా? వెలుగు తీవ్రతను ఎస్.యు.వి. అనే అంకెలో చెబుతారు. ఈ అంకె ఎంత ఎక్కువైనా, అది ఒక్కటే క్యాన్సర్‌ను, గ్రాన్యులోమాను వేరు చేయలేదు.

నాలుగో మెట్టు - కణజాలాన్ని పరీక్షించడం : చికిత్స మార్చవలసి వస్తుందనుకుంటే, చేరుకోగల చోట ఉంటే బయాప్సీ చేయాలి. ఛాతీ మధ్యలోని గ్రంథులకు శ్వాసనాళం ద్వారా, చివర అల్ట్రాసౌండ్ అమర్చిన గొట్టంతో సూది పరీక్ష చేస్తారు. దీనిని ఈబస్ అంటారు. ఛాతీ కోయవలసిన పని ఉండదు.

ఐదో మెట్టు - వేచి చూసి మళ్లీ స్కాన్ తీయడం : బయాప్సీ సాధ్యం కానప్పుడు, రోగి బాగా ఉన్నప్పుడు మాత్రమే ఇది తగిన మార్గం.

సూది పరీక్షలో క్యాన్సర్ కణాలు దొరకకపోతే అంతటితో అనుమానం పూర్తిగా తీరదు. సూది గ్రంథిలో కొద్దిభాగాన్నే తీస్తుంది. పైగా క్యాన్సర్ ఉన్న గ్రంథిలో, దాని చుట్టుపక్కల కూడా గ్రాన్యులోమాలు ఏర్పడవచ్చు. అందుకే బయాప్సీ తరవాత కూడా తదుపరి స్కాన్‌లు తప్పవు.

మీ ప్రగతిని పరీక్షించుకోండి - II

4. ఛాతీ గ్రంథులలో సార్కాయిడ్ తరహా ప్రతిచర్యను సూచించే స్కాన్ లక్షణం ఏది?
5. కొలవదగిన గడ్డల వ్యాసాల అతి తక్కువ మొత్తం 60 మి.మీ. ఇప్పుడు అది 70 మి.మీ. రెసిస్ట్ ప్రకారం ఇది వ్యాధి పెరుగుదలా?
6. గ్రాన్యులోమా కనిపించగానే స్టిరాయిడ్లు మొదలుపెట్టడం మన దేశంలో ఎందుకు ప్రమాదకరం?

9.8 ఉదాహరణకు ముగింపు

గుండ్లపోచంపల్లి ఉదాహరణకు తిరిగి వద్దాం. రోగి మెరుగ్గా ఉన్నాడు. అసలు కణితి తగ్గింది. కొత్త గ్రంథులు రెండువైపులా ఒకే తీరుగా ఉన్నాయి. ఈ మూడు అంశాలూ ప్రతిచర్య వైపు మొగ్గుతున్నాయి. అయినా వైద్యులు ఊహతో ఆగలేదు. ఈబస్ పరీక్ష చేశారు. గ్రంథిలో క్యాన్సర్ కణాలు లేవు. కుళ్లు లేని గ్రాన్యులోమాలు ఉన్నాయి. క్షయ కోసం చేసిన రంజనం, సీబీనాట్ పరీక్షల్లో ఏమీ తేలలేదు. కల్చర్ ఫలితం కోసం ఎదురుచూశారు. అదీ క్షయ లేదనే చెప్పింది. రోగికి ఆయాసం గాని, ఇతర బాధ గాని లేదు కాబట్టి స్టిరాయిడ్లు ఇవ్వలేదు. పెంబ్రోలిజుమాబ్‌ను కొనసాగించారు. తరవాతి స్కాన్‌లలో కణితి ఇంకా తగ్గింది, గ్రంథులు క్రమంగా చిన్నవయ్యాయి.

ఇదే స్కాన్ మరొక రోగిలో మరో జవాబు ఇవ్వవచ్చు. గ్రంథులు ఒకేవైపు ఉండి, అసలు కణితి కూడా పెరిగి, మనిషి బరువు తగ్గుతూ ఉంటే బయాప్సీలో క్యాన్సరే తేలే అవకాశం ఎక్కువ. అప్పుడు చికిత్స మార్చడంలో ఆలస్యం చేయకూడదు. ఈ ఉదాహరణ నుంచి మీరు నేర్చుకోవలసింది 'భయపడనక్కరలేదు' అని కాదు, 'తేల్చుకోకుండా నిర్ణయించకూడదు' అని.

9.9 రోగి, కుటుంబం పాత్ర

స్కాన్ చదివే రేడియాలజిస్టు చాలాసార్లు రోగిని చూడడు. ఆయన చేతికి వచ్చేది చిత్రాలు, ఒక చిన్న అభ్యర్థన పత్రం మాత్రమే. ఆ పత్రంలో 'ఇమ్యునోథెరపీ తీసుకుంటున్నారు' అన్న మాట లేకపోతే ప్రతిచర్య అన్న ఆలోచనే రాకపోవచ్చు. అందువల్ల ఈ కింది జాగ్రత్తలు ఎంతో మేలు చేస్తాయి.

• ఔషధం పేరు, మొదటి మోతాదు తేదీ, చివరి మోతాదు తేదీ ఒక కాగితంపై రాసి స్కాన్ కేంద్రంలో ఇవ్వాలి.
• పాత స్కాన్‌ల రిపోర్టులే కాకుండా సి.డి.లు కూడా తీసుకువెళ్లాలి. కేంద్రం మారినప్పుడు ఇది మరీ ముఖ్యం.
• ఇటీవల వేయించుకున్న టీకాలు, వచ్చిన జ్వరాలు, చేయించుకున్న శస్త్రచికిత్సలు, మధుమేహం మందులు చెప్పాలి.
• ఇంట్లో ఎవరికైనా క్షయ ఉందా, రోగికి గతంలో క్షయ వచ్చిందా అన్నది దాచకూడదు.
• దగ్గు, ఆయాసం, విరేచనాలకు దగ్గరలోని డాక్టరు వద్దకు వెళ్లినా, ఇమ్యునోథెరపీ తీసుకుంటున్నట్లు లేదా గతంలో తీసుకున్నట్లు ముందే చెప్పాలి.
• స్టిరాయిడ్ మాత్రలను సొంతంగా వాడకూడదు. ఇప్పటికే వాడుతుంటే హఠాత్తుగా మానకూడదు.
• రిపోర్టు చూసి ఔషధాన్ని మానేయకూడదు. 'ఇది మందు ప్రతిచర్య కావచ్చా? బయాప్సీ అవసరమా?' అని చికిత్స చేస్తున్న వైద్యుడిని అడగాలి.

చివరి ప్రశ్న వైద్యుడిని తప్పుపట్టడం కాదు. చాలా ఆసుపత్రులలో ఇటువంటి సందర్భాలను క్యాన్సర్ వైద్యుడు, రేడియాలజిస్టు, పాథాలజిస్టు, ఊపిరితిత్తుల నిపుణుడు కలిసి కూర్చుని చర్చిస్తారు. దానిని ట్యూమర్ బోర్డు అంటారు. మీవారి విషయం అక్కడ చర్చించారా అని అడిగే హక్కు మీకు ఉంది.

9.10 సారాంశం

చెక్‌పాయింట్ నిరోధకాలు టి-కణాల బ్రేకులను తొలగిస్తాయి. మేల్కొన్న టి-కణాలు కణితితోపాటు ఇతర కణజాలాలలోనూ వాపు కలిగించవచ్చు. సి.టి. స్కాన్ పరిమాణాన్ని, పెట్ స్కాన్ గ్లూకోజు వాడకాన్ని చూపుతాయి. ఈ రెండూ క్యాన్సర్‌కు మాత్రమే ప్రత్యేకమైనవి కావు. సార్కాయిడ్ తరహా ప్రతిచర్య, న్యుమోనైటిస్, వినాళ గ్రంథుల వాపు, మిథ్యా వృద్ధి వ్యాప్తిని పోలి ఉంటాయి. మన దేశంలో క్షయను కూడా తప్పక పరిగణించాలి. రోగి పరిస్థితి, పాత స్కాన్‌లతో పోలిక, మచ్చల తీరు, బయాప్సీ, మళ్లీ తీసే స్కాన్, ఈ ఐదింటి సాయంతో నిర్ధారణకు వస్తారు. పెరుగుదల నిజమైనదే అయ్యే అవకాశాన్ని ఎప్పుడూ విస్మరించకూడదు.

9.11 ముఖ్య పదాలు

చెక్‌పాయింట్ నిరోధకాలు : టి-కణాలపై ఉన్న సహజ బ్రేకులను పనిచేయకుండా చేసే ప్రతిరక్షక ఔషధాలు.
గ్రాన్యులోమా : స్థూలభక్షక కణాలు గుమికూడి ఏర్పడే సూక్ష్మమైన ముద్ద.
మిథ్యా వృద్ధి : రక్షక కణాల చొరబాటు వల్ల కణితి తాత్కాలికంగా పెరిగినట్లు కనిపించడం.
మిశ్రమ ఫలితం : కొన్ని గడ్డలు తగ్గుతుండగా మరికొన్ని పెరగడం లేదా కొత్తవి కనిపించడం.
ఈబస్ : శ్వాసనాళం ద్వారా అల్ట్రాసౌండ్ సాయంతో ఛాతీ గ్రంథులను పరీక్షించే పద్ధతి.

9.12 మీ ప్రగతిని పరీక్షించుకోండి : సమాధానాలు

1. టి-కణాలపై.
2. ఎంజైము ఫాస్ఫేటును చేర్చిన తరవాత తదుపరి చర్య సాగదు కాబట్టి.
3. ఉత్తేజిత టి-కణాలు, స్థూలభక్షక కణాలు కూడా గ్లూకోజును ఎక్కువగా వాడతాయి కాబట్టి వాపు, క్షయ, మానుతున్న గాయం కూడా వెలుగుతాయి.
4. రెండువైపులా సౌష్ఠవంగా వాచిన గ్రంథులు.
5. కాదు. పెరుగుదల 10 మి.మీ. ఉన్నా, శాతంలో అది సుమారు 16.7 మాత్రమే. 20 శాతం దాటలేదు. కొత్త గడ్డలు లేకపోతే దీనిని స్థిరవ్యాధిగా నమోదు చేస్తారు.
6. ఆ గ్రాన్యులోమాకు కారణం క్షయ అయితే, క్షయ మందులు లేకుండా ఇచ్చిన స్టిరాయిడ్లు వ్యాధిని విజృంభింపజేస్తాయి.

9.13 మాదిరి పరీక్ష ప్రశ్నలు

I. కింది ప్రశ్నలకు 30 పంక్తులలో సమాధానాలు రాయండి.
1. ఇమ్యునోథెరపీ తరవాత వ్యాధి వ్యాప్తిని పోలి కనిపించే ప్రతిచర్యలను అవయవాలవారీగా వివరించండి.
2. కొత్త మచ్చ కనిపించినప్పుడు అనుసరించే నిర్ధారణ క్రమాన్ని ఒక ఉదాహరణతో చర్చించండి.

II. కింది ప్రశ్నలకు 15 పంక్తులలో సమాధానాలు రాయండి.
1. రెసిస్ట్, ఐరెసిస్ట్ మధ్య తేడాను తెలపండి.
2. ఛాతీ గ్రంథుల వాపు నిర్ధారణలో క్షయ పరీక్షల ప్రాముఖ్యాన్ని వివరించండి.
3. పెట్ స్కాన్‌కు వెళ్లే ఇమ్యునోథెరపీ రోగి వెంట తీసుకువెళ్లవలసిన సమాచారాన్ని పేర్కొనండి.